మా ఊరి రేడియో మా ఊరి నుంచి మాట్లాడటం మానేసింది

పోయిన నెల ఊరెళ్ళాను. పొద్దున లేచి అలవాటు కొద్దీ రేడియో పెడితే ఎవరో అమ్మాయి చక్కటి గొంతుతో, నగరంలో ఇవాళ ఓ మోస్తరు వాన పడొచ్చు, బయటికెళ్ళేవాళ్ళు గొడుగు మర్చిపోకండి అంటోంది. బయటికొచ్చి చూశాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆ అమ్మాయి చెబుతున్న నగరానికి మా ఊరి నుంచి రాత్రంతా రైల్లో కూర్చుంటే గానీ చేరుకోం.

ఫ్రీక్వెన్సీ మా స్టేషనుదే. టవరు మీద ఎర్ర లైటు ఎప్పట్లాగే వెలుగుతోంది. కరెంటు బిల్లు మా ఊరి పేరు మీదే వస్తుంది. మాట మాత్రం మాది కాదు.

మా స్టేషను మూతపడలేదు, అదే వచ్చిన చిక్కు. తాళం వేసి ఉంటే నలుగురైనా ధర్నా చేసేవాళ్ళు, పేపర్లో ఒక ఫోటో అయినా పడేది. ముందు మధ్యాహ్నం ప్రసారం రిలే అయింది, అంటే వేరే స్టేషను కార్యక్రమమే మా టవరు మీంచి వచ్చేది. తర్వాత ఆదివారాలు పోయాయి. ఆ తర్వాత రిటైరైనవాళ్ళ స్థానంలో ఎవరూ రాలేదు. ఇప్పుడు పొద్దున ఒక గంట, సాయంత్రం రెండు గంటలు మాదంటూ మిగిలింది. అందులోనూ పాత రికార్డింగులే ఎక్కువ.

ఆ స్టేషన్లో నేను పదకొండేళ్ళు క్యాజువల్ అనౌన్సరుగా పనిచేశాను. దాని పేరు ఇక్కడ రాయను. రాయబోయేవాటిలో కొన్ని అక్కడ ఇంకా ఉద్యోగం చేస్తున్నవాళ్ళకి ఇబ్బంది కావచ్చు. రాయలసీమలో ఒక ఊరు అనుకోండి చాలు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఊళ్ళో వినపడేదాన్ని ఊరి రేడియో అనకూడదు. ఊళ్ళో కూర్చుని మాట్లాడితేనే అది ఊరి రేడియో. మొదటిదానికి ఒక ట్రాన్స్‌మిటరు, దాన్ని చూసుకునే ఇద్దరు ఇంజనీరింగువాళ్ళు చాలు. రెండోదానికి మనుషులు కావాలి, స్టూడియో కావాలి, ఊళ్ళో తిరిగే ఒక జీపు కావాలి. ఖర్చు తగ్గించాలని ఎవరు అనుకున్నా కత్తెర పడేది రెండోదాని మీదే. ఎందుకంటే మొదటిది ఉన్నంతకాలం సెట్టులోంచి ఏదో ఒకటి వినపడుతూనే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు.

అసలు 'ఆకాశవాణి' అన్న పేరే ఒక చిన్న ఊరి స్టేషనుది. 1935 సెప్టెంబరు 10న మైసూరులో ఎం.వి. గోపాలస్వామి అనే సైకాలజీ ప్రొఫెసరు తన ఇంట్లో 30 వాట్ల ట్రాన్స్‌మిటరు పెట్టి ప్రసారం మొదలుపెట్టాడు. 30 వాట్లంటే మన పాత 40 వాట్ల బల్బు కన్నా తక్కువ. మొదటి రోజు కవి కువెంపు తన కవిత చదివాడు. సొంత డబ్బు పెట్టి, తెలిసినవాళ్ళని అడిగి ప్రొఫెసరు దాన్ని కొన్నేళ్ళు నడిపాడు. 1940ల మొదట్లో అది మైసూరు సంస్థానం చేతికి, 1950లో ఆలిండియా రేడియో చేతికి వెళ్ళింది. 1955లో దాన్ని బెంగళూరుకి తరలించారు. పేరు మాత్రం దేశమంతా వాడుకుంది! మైసూరుకి మళ్ళీ సొంత స్టేషను రావడానికి 1970ల దాకా ఆగాల్సి వచ్చింది.

హైదరాబాదు కథ కూడా దాదాపు ఇదే. 1930ల తొలి ఏళ్ళలో తపాలా శాఖలో పనిచేసే మహబూబ్ అలీ అనే ఆయన చిరాగ్ అలీ లేన్‌లో 200 వాట్ల స్టేషను నడిపాడు. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది, అది దక్కన్ రేడియో అయింది. 1950లో ఢిల్లీ తీసుకుంది. పుట్టేది ఒక మనిషికున్న పిచ్చి వల్ల, పెరిగేది పెద్దవాళ్ళ చేతిలో. తప్పు పట్టను. 200 వాట్లతో తెలంగాణ మొత్తానికి వినిపించలేరు కదా.

ఆంధ్ర ప్రాంతానికి చాలాకాలం మద్రాసే దిక్కు. అక్కడి స్టేషను 1938 జూన్ 16న మొదలైంది. తెలుగు, అరవం ఒకే స్టేషన్లో సర్దుకోవాలి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మనకి మిగిలిన ఆలిండియా రేడియో స్టేషన్లు ఆరే: ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, తిరుచిరాపల్లి, లక్నో. 1948 డిసెంబరు 1న విజయవాడ వచ్చాక గానీ తెలుగుకి సొంత ఇల్లు దొరకలేదు. విజయవాడ స్టేషను గొప్పతనం గురించి ఇప్పటికే చాలామంది రాశారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఒక్క మాట. దాని గొప్పతనమే మాలాంటి ఊళ్ళకి ఒక కొలబద్ద అయి కూర్చుంది. మైకు ముందు కూర్చున్న ప్రతివాడూ కృష్ణా జిల్లా వాడిలా మాట్లాడాలన్న రూలు ఎక్కడా రాసి లేదు గానీ, ఆడిషన్లో తప్పినవాళ్ళ జాబితా చూస్తే అర్థమయ్యేది.

ఒక చోట కూర్చుని దేశమంతటి రుచినీ నిర్ణయిస్తే ఏమవుతుందో చెప్పడానికి హార్మోనియం కథని మించింది లేదు. 1940లో అప్పటి కంట్రోలర్ లియొనెల్ ఫీల్డెన్ హయాంలో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. మెట్ల వాయిద్యం, గమకం పలకదు, మన సంగీతానికి పనికిరాదు అన్నారు. ఆ నిషేధం సడలడానికి 1971 దాకా పట్టింది. ముప్పై ఏళ్ళు! ఆ ముప్పై ఏళ్ళూ మా వైపు ప్రతి ఊరి భజన మందిరంలోనూ, ప్రతి నాటకం స్టేజీ పక్కనా హార్మోనియం మోగుతూనే ఉంది. రేడియోలో మాత్రం అది లేదు. శాస్త్రం ప్రకారం ఎవరిది రైటు అన్న వాదన నాకు అనవసరం. ఆ రోజుల్లో ప్రతి జిల్లాకీ సొంత స్టేషను ఉండి ఉంటే, కనీసం ఒక్కడైనా ఆ ఆర్డరుని సొరుగులో పడేసి ఉండేవాడని నా నమ్మకం.

'లోకల్ రేడియో స్టేషన్' అన్న మాట మన దేశంలో 1984 అక్టోబరు 30న నాగర్‌కోయిల్‌లో మొదలైంది. తర్వాతి పదేళ్ళలో ఆదిలాబాదు, కొత్తగూడెం, వరంగల్లు, నిజామాబాదు, అనంతపురం, కర్నూలు, తిరుపతి, మార్కాపురం లాంటి ఊళ్ళకి స్టేషన్లొచ్చాయి. ఆలోచన మంచిది. రాష్ట్రానికంతటికీ కలిపి మాట్లాడే పెద్ద స్టేషను ఎలాగూ ఉంది, జిల్లా గోడు జిల్లాయే చెప్పుకోవాలి అని. అందుకే వీటికి ఎఫ్ఎం ఎంచుకున్నారు. మీడియం వేవ్ నేల పట్టుకుని దూరం పోతుంది, రాత్రయితే పైనుంచి తిరిగొచ్చి ఇంకెక్కడో పడుతుంది. ఎఫ్ఎం అలా కాదు, టవరుకి కనపడినంత మేరే వెళ్తుంది. ఓ అరవై, డెబ్భై కిలోమీటర్లు దాటితే భూమి వంపు తిరిగి అడ్డుపడుతుంది. కొండలుంటే ఇంకా తక్కువ. అంటే ఈ స్టేషన్లు జిల్లా దాటి పోకూడదనే కట్టారు. హద్దు దాంట్లోనే ఉంది.

ఒక్కటే మర్చిపోయారు. అప్పటికి జనం దగ్గరున్న సెట్లలో చాలావాటికి ఎఫ్ఎం బ్యాండు లేదు. మా స్టేషను పెట్టిన కొత్తలో రైతులు పొలం గట్టున మీడియం వేవ్ ముల్లు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి, "యాడుంది మీ స్టేషను?" అని మమ్మల్నే అడిగేవాళ్ళు. ఎఫ్ఎం సెట్టు కొనుక్కున్నాక గానీ మా గొంతు వాళ్ళకి చేరలేదు. అయినా కొన్నారు. ఆ సంగతి ఇవాళ "ఎవడు వింటాడండీ" అనేవాళ్ళకి చెప్పాలనిపిస్తుంది.

మా పని ఎలా ఉండేదంటే, నెలకి ఆరు డ్యూటీలు. అంతకు మించి ఇవ్వరు, ఇస్తే పర్మనెంటు చెయ్యమని కోర్టుకెళ్తారని భయం. డ్యూటీ రూముకి వెళ్ళగానే క్యూ షీటు ఇస్తారు. ఏ నిమిషానికి ఏ టేపు, ఎక్కడ రిలే తీసుకోవాలి, ఎక్కడ వదలాలి అన్నీ అందులో ఉంటాయి. టేపులన్నీ వరసలో పెట్టుకుని, ఒకటి మిషన్ మీద తిరుగుతుండగానే రెండోది చుట్టి రెడీగా ఉంచాలి. ఒకసారి నేను రిలే ఫేడర్, అంటే శబ్దం పెంచే మీట, ఎత్తడం మర్చిపోయి పద్నాలుగు సెకన్లు నిశ్శబ్దం ప్రసారం చేశాను. లాగ్ బుక్కులో ఇంకా ఉండే ఉంటుంది. మర్నాడు పాల పాకెట్లు వేసే కుర్రాడు కూడా "నిన్న నిద్రపోయినావా న్నా?" అని అడిగాడు. రాజధాని అనౌన్సరుని పాలబ్బాయి అలా అడుగుతాడా?

వ్యవసాయ కార్యక్రమం రోజులు మరీ బాగా గుర్తు. ఆఫీసరుగారు రాసుకొచ్చిన స్క్రిప్టులో 'వేరుశనగ పైరును ఆశించు ఆకుమచ్చ తెగులు' అని ఉంటుంది. పక్కన కూర్చున్న రైతు 'శెనక్కాయ చెట్టుకి తిక్క పట్టింది' అంటాడు. మొదట్లో మేం రైతునే దిద్దేవాళ్ళం, ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. రెండేళ్ళు గడిచాక ఎవరూ చెప్పకుండానే మార్పొచ్చింది. ఉత్తరాల కార్యక్రమానికి వచ్చే కార్డుల్లో, ఆ రోజు మాట్లాడిన ఫలానా ఊరి ఆయన మాట మళ్ళీ వేయమని రాసేవాళ్ళు. ఆఫీసరుగారిని మళ్ళీ వేయమని ఒక్క కార్డూ రాలేదు పాపం. ఆ తర్వాత ఆఫీసరుగారే తిక్క అనడం నేర్చుకున్నారు.

అన్నీ మంచి సంగతులే చెప్తే అబద్ధమవుతుంది. మా స్టేషను ఎవరినీ ఒక్క మాట అనేది కాదు. మూడు నెలలుగా కొళాయిల్లో నీళ్ళు రాకపోయినా 'నీటి పొదుపు మన బాధ్యత' అని ప్రసంగం వేసేవాళ్ళం. ఇంకా ఘోరం ఏంటంటే, వార్తలు మావి కావు. ఒక రాత్రి మా బస్టాండు పక్కన నాలుగు షాపులు తగలబడ్డాయి. స్టూడియో కిటికీలోంచి మంట కనపడుతోంది. నేను మైకు ముందు ఉన్నాను. చెప్పడానికి వీల్లేదు. మర్నాడు పొద్దున ప్రాంతీయ వార్తల్లో రాజధాని నుంచి ఆ మంట సంగతి మాకు రిలే అయింది.

ఈ జబ్బు ప్రభుత్వ రేడియోకే అనుకోకండి. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వం ఒక్కదాని సొత్తు కాదు అని సుప్రీంకోర్టు 1995లో తీర్పిచ్చింది. 2001లో బెంగళూరులో మొదటి ప్రైవేటు ఎఫ్ఎం స్టేషను వచ్చింది. వాటికి పాటలు వేసుకునే స్వేచ్ఛ ఉంది, సొంతంగా వార్తలు చెప్పే హక్కు లేదు. ఆకాశవాణి బులెటిన్ని ఒక్క అక్షరం మార్చకుండా వేస్తే వేసుకోవచ్చు, అంతే. కమ్యూనిటీ రేడియోకీ అదే ఆంక్ష. జహీరాబాదు దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంగం రేడియో సంగతి చాలామందికి తెలుసు. యునెస్కో సాయంతో 1998 కల్లా స్టూడియో సిద్ధం చేసుకున్నారు. లైసెన్సు వచ్చి ప్రసారం మొదలైంది 2008 అక్టోబరు 15న. ఆ పదేళ్ళూ రికార్డు చేసిన క్యాసెట్లు పట్టుకుని ఊరూరా తిరిగి సంఘాల్లో వినిపించారు. చిరుధాన్యాల గురించి, విత్తనాల గురించి ఆ ఆడవాళ్ళు తమ యాసలో మాట్లాడిన మాటలు గాల్లోకి వెళ్తే దేశానికి ఏం ముప్పొస్తుందని పదేళ్ళు ఆపారో నాకు అర్థం కాదు.

ఇక ఖర్చు సంగతి. "ఫోనులో అన్నీ ఉండగా ఊరికో స్టూడియో ఎందుకండీ, సంఖ్య చూస్తే వినేవాళ్ళే లేరు" అని నా స్నేహితుడొకడు, అకౌంట్సు మనిషి, ప్రతిసారీ అంటాడు. వాడి లెక్క తప్పని నేననను. కానీ ఆ లెక్కలో ఒక ఆడిటు అభ్యంతరం ఉంది, అది అమెరికా నుంచి వచ్చింది.

నార్త్ డకోటా రాష్ట్రంలో మైనాట్ అని చిన్న ఊరుంది. 2002 జనవరి 18న, రాత్రి ఒంటిగంటన్నర దాటాక, ఊరి చివర గూడ్సు రైలు పట్టాలు తప్పింది. ట్యాంకర్లు పగిలి అమ్మోనియా మేఘం ఊరి మీదికి వచ్చింది. ఇళ్ళలోంచి బయటికి రాకండి, తలుపులు మూసుకోండి అని జనానికి చెప్పాలి. పోలీసులు రేడియో స్టేషనుకి ఫోన్ చేశారు. ఆ ఊళ్ళో ఆరు కమర్షియల్ స్టేషన్లు, ఆరూ ఒకే కంపెనీ చేతిలో. అర్ధరాత్రి ప్రసారం దానంతట అదే నడుస్తోంది. ఫోన్ ఎవరూ ఎత్తలేదు. హెచ్చరిక యంత్రాన్ని పోలీసులు సరిగా వాడలేదని కంపెనీ, ఫోన్ ఎత్తలేదని పోలీసులు ఆ తర్వాత చాలాకాలం వాదించుకున్నారు. ఆ రాత్రి ఒక మనిషి పోయాడు, వందలమంది ఊపిరాడక ఆస్పత్రి పాలయ్యారు. పాటలు మాత్రం ఆగలేదు.

మన తీరానికి తుఫాన్లు కొత్త కాదు. తుఫానులో మొదట పోయేది కరెంటు, ఆ తర్వాత సెల్ టవరు. బ్యాటరీ సెట్టు మిగులుతుంది. ఆ సెట్టులో ఏ వీధిలోకి నీళ్ళొచ్చాయో, ఏ స్కూల్లో అన్నం పెడుతున్నారో చెప్పడానికి ఆ ఊళ్ళో ఒక మనిషి మేలుకుని ఉండాలి. నా స్నేహితుడి లెక్కలో ఆ మనిషి రాత్రి డ్యూటీ భత్యం ఒక వృథా ఖర్చు.

ఇది మన ఒక్కరి బుద్ధే కాదులెండి. 1967 నవంబరు 8న ఇంగ్లండులోని లెస్టర్‌లో మొదటి లోకల్ స్టేషను పెట్టిన బీబీసీ కూడా 2023లో మధ్యాహ్నం తర్వాతి కార్యక్రమాలు చాలావాటిని ఇరుగుపొరుగు స్టేషన్లన్నిటికీ ఉమ్మడి చేసింది. ఉద్యోగులు సమ్మె చేశారు. మన దగ్గర 2018 చివర్లో ఆకాశవాణి జాతీయ చానెల్‌తో పాటు హైదరాబాదుతో కలిపి ఐదు ఊళ్ళలోని శిక్షణ అకాడమీలని మూసేయమని ఆదేశం వచ్చింది. ఖర్చు తగ్గించడానికే. మైకు ముందు ఎలా కూర్చోవాలో నేర్పే చోటే లేకపోతే కూర్చునేవాళ్ళు ఎక్కడినుంచి వస్తారు?

నేను అడిగేది పెద్దదేం కాదు. రోజులో సగం గంటలైనా ఊళ్ళోనే తయారు కావాలి. ఊరి వార్త ఊరి స్టేషను చెప్పాలి, తప్పు చెబితే కేసు పెట్టుకోండి. ఇంకొకటి ఉంది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. టేపులు.

ఒక తోలుబొమ్మలాట పెద్దాయన మా స్టేషనుకి వచ్చేవాడు. రేడియోలో తోలుబొమ్మలాట ఏంటని మీరు నవ్వొచ్చు, మా ప్రోగ్రాం ఎగ్జిక్యూటివ్ కూడా నవ్వారు. పాట వరకే రికార్డు చేద్దామని పిలిచాం. పెద్దాయన మైకు ముందు కూర్చుని నోరు తెరిచాడు, పాట రాలేదు. రెండుసార్లు ప్రయత్నించి, "చేతిలో బొమ్మ లేకుంటే రాదు నాయనా" అన్నాడు. మర్నాడు బొమ్మల పెట్టె తెచ్చుకున్నాడు. స్టూడియోలో తెర లేదు, దీపం లేదు, చూసేవాళ్ళు లేరు. ఆంజనేయుణ్ణి చేత్తో ఆడిస్తూ గంటన్నర ఏకధాటిగా పాడాడు. బొమ్మ ఎగిరినప్పుడల్లా కాలి కింద చెక్కని టక్కుమని తొక్కుతాడు. ఇంజనీరుగారు గాజు అవతల నుంచి తల పట్టుకుని, ఆ చెక్క తీసేయమన్నారు. తీసేస్తే పాట తాళం తప్పింది. మళ్ళీ పెట్టాం. మూడు భాగాలుగా ప్రసారం చేశాం.

టేపులకి ఎప్పుడూ కొరతే. ప్రసారమైపోయినవాటిలో ఏది ఉంచాలో, ఏది చెరపాలో ఒక కమిటీ చూడాలి. పని ఎక్కువైనప్పుడు ఆ చూడటం సంతకం వరకే. చెరిపే యంత్రం మీద టేపు పెట్టి ఒక్కసారి తిప్పితే చాలు, అరక్షణంలో ఖాళీ. పెద్దాయన పోయిన ఏడాదికి ఆయన కొడుకు స్టేషనుకి వచ్చాడు. "నాయన గొంతు మీ దగ్గర ఉందంట గదా సార్, ఒక కాపీ ఇప్పించండి" అన్నాడు. మేం రిజిస్టరు తీశాం. టేపు నంబరు ఉంది. దాని ఎదురుగా, ఆ టేపు మీద తర్వాత ఎక్కించిన కార్యక్రమం పేరు ఉంది. 'నీటి పొదుపు మన బాధ్యత'.

అతను కోప్పడలేదు. అలాగా సార్ అని, అరుగు మీద కాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు.

నేను ఉద్యోగం మానేసి వేరే ఊరు వచ్చేశాక, మూడేళ్ళ క్రితం ఒక రిటైర్డు మాస్టారు ఎవరి దగ్గరో నా నంబరు తీసుకుని ఫోన్ చేశారు. ఆ రోజుల్లో నచ్చిన కార్యక్రమాలు రేడియో ముందు టేప్ రికార్డరు పెట్టి ఎక్కించుకునేవారట. పెట్టె నిండా క్యాసెట్లున్నాయి, పారెయ్యడానికి మనసొప్పడం లేదు, మీకేమైనా పనికొస్తాయా అన్నారు. వెళ్ళి తెచ్చుకున్నాను. సగం బూజు పట్టాయి. ఒకదాని మీద పెన్సిలుతో 'తోలుబొమ్మలు, 2వ భాగం' అని ఉంది.

పెద్దాయన కొడుకుని పిలిపించి ఇద్దరం కూర్చుని విన్నాం. ముందు నా గొంతు. టైము తప్పు చెప్పి, తడబడి, దిద్దుకున్నాను. ఆ తర్వాత హార్మోనియం. పెద్దాయన అందుకున్నాడు. లంక సగం తగలబడేసరికి టేపులోనే దూరంగా ఒక ఆడగొంతు, మాస్టారి భార్య కాబోలు, "అన్నం పెట్టేదా?" అని అడిగింది. "ష్" అన్నారు మాస్టారు. వెంటనే టక్కుమని చెక్క.

"అదే న్నా" అన్నాడు కొడుకు. "ఆ చెక్క ఇంట్లోనే ఉంది."